స్కూలు బస్సు ఆగితే మనమూ ఆగాలి

 

మన కుటుంబాల వారు ఎందరో గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. వారిలో చాలామంది అక్కడ కార్లు, వ్యాన్లు నడిపి హలాల్ సంపాదన ఇంటికి పంపుతున్నారు. ఫోను చేసినప్పుడు నమాజు చేస్తున్నావా, రోజాలు ఉంటున్నావా అని అడుగుతాము. బండి ఎలా నడుపుతున్నావని మాత్రం అడగము. అది దీన్‌కు సంబంధించిన విషయం కాదనుకుంటాము. ఇది సరైన అభిప్రాయం కాదు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఒక చట్టం ఉంది. పిల్లలను ఎక్కించడానికో దించడానికో స్కూలు బస్సు ఆగినప్పుడు దాని పక్కన 'స్టాప్' అని రాసిన పలక తెరుచుకుంటుంది. అప్పుడు ఇతర వాహనాలు కనీసం 5 మీటర్ల దూరంలో ఆగిపోవాలి. ఆగకుండా దాటిన వారికి 1,000 దిర్హములు జరిమానా, లైసెన్సుపై 10 బ్లాక్ పాయింట్లు పడతాయి. ఆ పలక తెరవని బస్సు డ్రైవరుకూ 500 దిర్హములు, 6 పాయింట్లు ఉన్నాయి. పాయింట్లు 24కు చేరితే లైసెన్సు నిలిపివేస్తారు. అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ, ఎర్రదీపాలు వెలిగించి ఆగిన స్కూలు బస్సును దాటిపోవడం నేరమే.

ఇంత కఠినంగా ఎందుకు? పసివాడు పొట్టిగా ఉంటాడు. బస్సు ముందు నుంచి రోడ్డు దాటుతుంటే వెనక నుంచి వచ్చే డ్రైవరుకు బస్సే కనిపిస్తుంది, బిడ్డ కనిపించడు. అమ్మ ఎదురుగా నిలబడి ఉంటే పిల్లవాడు అటూ ఇటూ చూడడు, పరుగెత్తుతాడు. బ్రేకు వేసే లోపే అంతా అయిపోతుంది.

దారిలో కూర్చునేవారు దారి హక్కును చెల్లించాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. ఆ హక్కుల్లో ఇతరులకు బాధ కలిగించకుండా ఉండటం ఒకటని వివరించారు. బాటలోని హానికర వస్తువును తొలగించడం కూడా ఈమాన్‌లో భాగమేనని తెలియజేశారు. ముల్లును, రాయిని తీసివేయడమే విశ్వాసంలో భాగమైతే, తానే ముల్లుగా మారి పసివారి దారికి అడ్డుపడే వాహనదారుని సంగతేమిటి? ఆలోచించండి.

"అది ఆ ప్రభుత్వం పెట్టిన రూలు, షరీఅత్‌కు దానితో ఏం పని?" అని కొందరు అంటారు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా ప్రారంభంలోనే, చేసుకున్న ఒప్పందాలను నెరవేర్చమని అల్లాహ్ విశ్వాసులను ఆజ్ఞాపించాడు. వీసా, లైసెన్సు తీసుకున్నవాడు ఆ దేశపు నియమాలను పాటిస్తానని మాట ఇచ్చినట్లే. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ ఈ విషయాన్ని పరిశీలించింది. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం వాజిబ్ అనీ, ఉల్లంఘించేవారిని అదుపు చేయడానికి జరిమానా వంటి శిక్షలు విధించవచ్చనీ తీర్మానించింది.

కాబట్టి జరిమానా పడితే దానిని జులుం అనుకోరాదు. సిఫారసు కోసం తెలిసినవారి గుమ్మాలు ఎక్కరాదు. మఖ్జూమ్ తెగకు చెందిన గొప్పింటి స్త్రీ దొంగతనం చేసినప్పుడు ఉసామా బిన్ జైద్ (రజి) సిఫారసుకు వచ్చారు. ప్రవక్త (స) ఆగ్రహించారు. తన కుమార్తె ఫాతిమా అయినా ఇదే శిక్ష అమలు చేసేవాడినని స్పష్టం చేశారు. అది హద్ శిక్షకు చెందిన విషయం. ట్రాఫిక్ జరిమానా తాజీర్ కోవలోనిది. అయినా పెద్దవానికొక చట్టం, పేదవానికొక చట్టం ఉండరాదన్న పాఠం రెండింటికీ వర్తిస్తుంది. నేడు ఒకరిని వదిలేస్తే రేపు పదిమంది ఆ బస్సును దాటుతారు. వారిలో ఒకడు ఒక తల్లి కడుపుకోతకు కారకుడవుతాడు.

"చావు రాసిపెట్టి ఉంటే ఎవరు ఆపగలరు?" అనేవారూ ఉన్నారు. తఖ్దీర్‌పై విశ్వాసం నిర్లక్ష్యానికి సాకు కాదు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని బోధించారు మన ప్రవక్త (స). అనుకోకుండా ఒక ప్రాణం తీసినవాని గురించి అన్నిసా సూరాలో ఏముందో గుర్తుచేసుకోండి. మృతుని వారసులు క్షమించకపోతే వారికి దియత్ (రక్తపరిహారం) చెల్లించాలి. దానితోపాటు బానిసను విముక్తి చేయాలి, అది సాధ్యం కాకపోతే వరుసగా రెండు నెలలు రోజాలు పాటించాలి. పొరపాటున జరిగిందే కదా అని షరీఅత్ వదిలేయలేదు. ఒక్క నిమిషం ఆదా చేయబోయి ఇంత భారం నెత్తికెత్తుకోవడం తెలివైన పనేనా?

మన ఊళ్లలో స్కూలు బస్సులకు ఆ పలక సాధారణంగా కనిపించదు. కానీ మన పిల్లలూ బస్సు దిగి అలాగే పరుగెడతారు. బస్సుగానీ ఆటోగానీ ఆగి పిల్లలను దించుతుంటే బండి ఆపడానికి పోలీసు కావాలా, కెమెరా కావాలా? మనం అల్లాహ్‌ను చూడలేకపోయినా ఆయన మనలను చూస్తూనే ఉన్నాడన్న ఎరుకే ఇహ్సాన్. కెమెరా లేని సందులో బండి ఆపినప్పుడే ఆ ఎరుక మనలో ఉన్నదో లేదో తెలుస్తుంది.

తల్లులారా, సోదరీమణులారా! ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు మీ కొడుకుకు, మీ భర్తకు ఈ ఒక్క మాట చెప్పండి: "డ్యూటీకి ఆలస్యమైనా ఫరవాలేదు, పిల్లల బస్సు ఆగితే నువ్వూ ఆగు."

అల్లాహ్ మన చేతుల వల్ల ఏ పసిబిడ్డకూ హాని జరగకుండా కాపాడుగాక! దాసుల హక్కులను గుర్తించి మసలుకునే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.