కోట గోడకు ఇరువైపుల

పరదేశము చూచి వచ్చినవారు తాము కన్న వింతలను నలుగురితో చెప్పుకొనుట లోకాచారము. అందులో తప్పేమియు లేదు. కాని యొక సుందరమైన కట్టడము ఎవరి కష్టముపై లేచినదో, ఎవరిని వెళ్లగొట్టి నిలిచినదో తెలిసిన పిమ్మట కూడ దానిని మునుపటివలెనే మెచ్చుకొనవచ్చునా? తెలియక మెచ్చుట వేరు, తెలిసి మెచ్చుట వేరు. ఈ ప్రశ్న మాకు గ్రంథములలో ఎదురైనది కాదు. 2023వ సంవత్సరపు వేసవిలో బ్రిటన్‌నందలి వేల్సు సీమలో కోటలు చూచుచు తిరిగినపుడు ఎదురైనది. సంఘమువారు యాత్రావిశేషములు వ్రాయుమని కోరిరి. విశేషములకంటె ఈ ప్రశ్నయే మా వద్ద ఎక్కువగా మిగిలియుండుటచే దానినే చదువరుల ముందుంచుచున్నాము.

మా కుమార్తెయు అల్లుడును లివర్పూలు నగరమున నివసింతురు. అచ్చటినుండి కారులో బయలుదేరిన రెండు గంటలు నిండకముందే కాన్వీ పట్టణము చేరవచ్చును. సముద్రములో కలియు ఏటి యొడ్డున, బండరాతిపై, ఎనిమిది బురుజుల కోట. దానినంటుకొని ఊరి చుట్టును ఇరువదియొక్క బురుజులతో రాతిగోడ. వెనుక స్నోడన్ కొండల వరుస. ఆ సీమవారు తమ భాషలో ఆ ప్రాంతమును ఎరీరి యందురు. పోటువేళ నీరు కోట పాదమును తాకవచ్చును. పాటువేళ బురదనేలపై పడవలు ప్రక్కకు ఒరిగి నిద్రించుచుండును. గోడపై కాలిబాటన నిలిచి ఒకవైపు కొండలను, మరియొకవైపు నీటిని చూచుచు మేము చాలసేపు మాటలాడలేకపోయితిమి. అంత సొగసైన దృశ్యమును అంతకుమున్ను మేము చూచియుండలేదని చెప్పుటకు సంకోచింపము.

ఆ కోటను కట్టించినవాడు ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు. 1282, 1283 సంవత్సరములలో అతడు వేల్సు రాజకుమారులను ఓడించి, ఆ దేశము మరల తలయెత్తకుండుటకు హార్లెక్, కాన్వీ, కైర్నార్వన్ అను చోట్ల కోటలు లేపెను. కాన్వీలో కోటకు ముందు ఒక క్రైస్తవ మఠముండెడిది. వేల్సువారి మహారాజు లెవెలిన్ సమాధి యచ్చటనే యుండెను. రాజు ఆ మఠమును లోయలో ఎగువకు తరలించి ఆ స్థలముననే కోట కట్టించెను. గోడల లోపలి పట్టణములో ఇంగ్లండునుండి తెచ్చిన కుటుంబములకు ఇండ్లిచ్చి, వేల్సువారిని వెలుపలనే యుంచిరి. తరువాత ఓవెన్ గ్లిండూర్ తిరుగుబాటు కాలమున, 1401, 1402 సంవత్సరములలో, వేల్సువారు ఇట్టి పట్టణములలో ఆస్తి కొనరాదని పార్లమెంటు చట్టములే చేసెను. పదునెనిమిదవ శతాబ్ది చివర ఫ్రాన్సుతో యుద్ధము వచ్చి ఐరోపా దారులు మూసికొనగా ఇంగ్లండు శ్రీమంతులు విహారమునకు వేల్సుకు రాజొచ్చిరి. టర్నరువంటి చిత్రకారులు ఈ కోటలను వర్ణములలో దింపిరి. భయపెట్టుటకు కట్టిన గోడ గోడకు వ్రేలాడు పటమాయెను.

అన్నిటికంటె మా మనస్సున నాటినది బ్యూమారిస్. 1294లో వేల్సువారు మరల తిరుగబడగా ఆంగ్లెసీ ద్వీపమున 1295లో ఈ కోటను ఆరంభించిరి. గోడలో గోడ, చుట్టును నీటికందకము. ఇరువైపుల సరిసమానముగ కూర్చిన ఆ పొందిక చూచి శిల్పము తెలియని మావంటివారికి సైతము ముచ్చట కలిగెను. దానికి చేరువనే లాన్‌వైస్ అను వేల్సు రేవుపట్టణముండెడిది. కోట రాగానే ఆ యూరివారిని లేపి పండ్రెండు మైళ్ల దూరమున నిలిపిరి. ఆ క్రొత్త స్థలమునకు న్యూబరో యని పేరు, క్రొత్తూరు అన్నమాట. శ్రీశైలము జలాశయము క్రింద ఊళ్లు మునిగినపుడు లేచి వచ్చిన కుటుంబములవారికి ఆ పేరులోని బరువును మేము వివరింపనక్కరలేదు.

ఆ కోట పనినిగూర్చిన లేఖ యొకటి నేటికిని నిలిచియున్నది. 1296 ఫిబ్రవరిలో శిల్పి జేమ్సును, పనుల లెక్కలు చూచు గుమాస్తా వాల్టరు ఆఫ్ వించెస్టరును కలిసి రాజుగారి ఖజానాకు వ్రాసినది. నాలుగు వందలమంది రాతిపనివారు, రెండువేలమంది కూలీలు, రెండు వందలమంది రాళ్లు కొట్టువారు, ముప్పదిమంది కమ్మరులు, నూరు బండ్లు, ముప్పది పడవలు అని లెక్క చెప్పి, కూలి బాకీ పడినదనియు, తిండికి లేక పనివారు నిలుచుట లేదనియు మొరపెట్టుకొనిరి. ముప్పదినాలుగు సంవత్సరములు జమాఖర్చులు వ్రాసినవారము గనుక ఈ లేఖ సంగతి తెలిసినపుడు ఆ వాల్టరు మాకు పరాయివాడుగ తోచలేదు. పైనుండి పద్దు మంజూరు కాదు, క్రిందివారు గుమాస్తా ముఖమే చూతురు. ఏడు వందల యేండ్లలో ఈ వ్యవహారము మారినట్లు లేదు. గెలిచిన రాజు పక్షమున సైతము ఆకలిగొన్నవారుండిరన్న మాట! గోడకు లోపలివారందరును సుఖించినవారు కారు. కోట మాత్రము పూర్తి కాలేదు. సొమ్ము చాలక బురుజులు మొండిగనే నిలిచిపోయినవి.

ఈ మాటలు కందకము గట్టున కూర్చుండి మా అల్లునితో అనగా అతడు నవ్వి, “మామయ్యగారూ, ఏడొందల ఏళ్లు గడిచిపోయాయి. రాళ్లకు పాపమేమిటండీ? ఇప్పుడీ కోటను కాపాడుతున్నది వేల్స్ ప్రభుత్వమే గదా. వాళ్లకు లేని బాధ మనకెందుకు?” అనెను. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ఈ కోటలను సంరక్షించు ప్రభుత్వశాఖ పేరు కాడూ. వేల్సు భాషలో ఆ మాటకు కాపాడుట, భద్రపరచుట యని యర్థమట. తమను అణచుటకు కట్టినదానిని తామే భద్రపరచుకొనుట చిన్న సంగతి కాదు. 1986లో ఎడ్వర్డు కోటలు నాలుగింటికిని ప్రపంచ వారసత్వ గౌరవమును లభించినది.

అయినను అతని వాదమునకు మేము పూర్తిగా తలయొగ్గలేకపోయితిమి. కాలదోషము పట్టిన నోటుపై దావా చెల్లదు. నిజమే. అంతమాత్రమున తీసికొన్న అప్పు తీసికొనలేదని ఎవడైన అనగలడా? కోర్టు అడుగనిదానిని మనస్సు అడుగుచునే యుండును. రాయికి పాపము లేదు. ఆ రాతిని పొగడు నోటికి మాత్రము బాధ్యత కలదు. కంటికి ఇంపుగా నుండుట మన చేతిలోని పని కాదు. ఆ యింపును కట్టించినవాని గొప్పతనముగ మార్చి చెప్పుట మన చేతిలోనిదే. “ఎంత అందమైన కోట!” అనుట ఒకటి. “ఎంత గొప్ప రాజు!” అనుట మరియొకటి. మొదటి మాటనుండి రెండవ మాటకు నాలుక ఎంత సులువుగ జారునో!

బ్యాంగరు సమీపముననున్న పెన్రిన్ కోటలో మా అల్లుని వాదము మరింత పలుచబడినది. అది పందొమ్మిదవ శతాబ్దిలో పాతకాలపు కోటవలె కనబడునట్లు కట్టించుకొన్న సంపన్నుని భవనము. జమైకా ద్వీపపు చెరకుతోటలలో బానిసల చేత చేయించిన పనియు, ప్రక్కనున్న పలకరాతి గనులును ఆ సంపదకు మూలములు. బానిసత్వము రద్దయినపుడు ఆ భవనపు యజమానికి ప్రభుత్వము 764 మంది బానిసలకుగాను 14,683 పౌండ్ల 17 షిల్లింగుల 2 పెన్నీలు నష్టపరిహారముగ చెల్లించెను. విడుదలయైనవారికి ఒక్క పెన్నీయు ముట్టలేదు. ఆ చివరి రెండు పెన్నీలు మమ్ము చాలకాలము వదలలేదు. మనుష్యులను పెన్నీలవరకు లెక్కగట్టి మొత్తము కూడిన గుమాస్తా ఎవడోయని ఆలోచించితిమి. 1900 నుండి 1903 వరకు ఆ గనులలో గొప్ప సమ్మె జరిగినది. సమ్మె విడువని ఇండ్లవారు తమ ఇంట ద్రోహి లేడని కిటికీలలో అట్టలు పెట్టుకొనిరి. నాటి కార్మికుల వంశీకులలో నేటికిని ఆ కోట గడప త్రొక్కనివారు కలరు.

వారి పట్టుదలకు మేము నమస్కరింతుము. అది వారికి తగును. మావంటి బాటసారి వారిని చూచి తానును లోపలికి పోక మానుకొనిన ఒరుగునదేమి? మానుకొనుటలో మాకు పోవునది టిక్కెట్టు ఖర్చు మాత్రమే, అదియు మిగులుటయే. నష్టము లేని వ్రతమునకు ఫలమెక్కడిది? కాన లోపలికి పోయి అన్నియు చూచితిమి. సొమ్ము వచ్చిన దారిని సైతము అచ్చట దాచక వ్రాసిపెట్టిరి. పెన్రిన్, పోవిస్ మున్నగు భవనములు నేషనల్ ట్రస్టు అను సంస్థ అధీనమున నున్నవి. తన క్రిందనున్న స్థలములలో 93 చోట్లకు వలసపాలనతోనో బానిసవ్యాపారముతోనో సంబంధమున్నదని ఆ సంస్థ 2020లో తానే నివేదిక ప్రకటించినది. దానిపై ఆ దేశమున కొందరు ఆగ్రహించిరి. తాతల ఆస్తి పత్రములు తిరుగవేయుట ఎవరికి మాత్రము ఇష్టము?

ఇంతవరకు ఇది పరుల కథ. వెల్ష్‌పూలు పట్టణము ప్రక్కనున్న పోవిస్ కోటలో అది మన కథయైనది. ఎఱ్ఱరాతి కోట, దాని క్రింద మెట్లు మెట్లుగ దిగు తోటలు, మేఘములవలె కత్తిరించిన చెట్ల గోడలు. లోపల రాబర్టు క్లైవు, అతని కుమారుడు ఎడ్వర్డు క్లైవు మన దేశమునుండి తెచ్చిన వస్తువులు వేయికి పైగా కలవు. ఎడ్వర్డు 1784లో పోవిస్ వంశపు కన్యను వివాహమాడెను. 1798 నుండి 1803 వరకు మద్రాసు గవర్నరుగ నుండెను. 1799 మే నెలలో శ్రీరంగపట్టణము పడిపోయినపుడు టిప్పు సుల్తాను సొత్తును సైన్యమువారు హోదాలననుసరించి పంచుకొనిరి. ఆ సింహాసనమునుండి ఊడదీసిన బంగారు పులితల ఒకటి, నూలుబట్టపై పూలకుండీల అచ్చులద్దిన డేరా ఒకటి ఇచ్చటికి చేరినవి. శ్రీరంగపట్టణము మైసూరులోని మా ఇంటికి పది మైళ్లే. ఆ పులితలను చూచుటకు మేము సముద్రములు దాటవలసివచ్చెను.

ఆ క్షణమున “మాది!” యని మనస్సు పలికెను. వెంటనే ఒక శంకయు పుట్టెను. ఏ లెక్కన మాది? మా పూర్వుల ఊరు గుత్తి ప్రాంతము. 1776లో గుత్తి కోటను మురారిరావు చేతినుండి లాగికొన్నవాడు టిప్పు తండ్రి హైదరాలీయే. దోచుకొనబడినవాడును ఒకప్పుడు పరుల కోటలు పట్టిన వంశమువాడే. ఈ కారణముచే క్లైవు హక్కు రవ్వంతయు పెరుగదు. దొంగిలినవాని ఇంట దొంగిలుటయు దొంగతనమే. కాని “మాది” యను మాట అంత తేలికగ పలుకదగినది కాదని మాత్రము తెలిసినది.

అచ్చటినుండి మా ఆలోచన మన సంఘములవైపు తిరిగెను. కర్ణాటకమునను, తమిళదేశమునను తరతరములుగ స్థిరపడిన తెలుగువారము మనము. మన సంచికలలో విజయనగర సైన్యముల వెంట దక్షిణమునకు నడచిన నాయకుల ప్రశంసలు తరచుగ కనబడును. మధుర, తంజావూరు, సెంజి నాయకులు కోటలు కట్టిరి, ఆలయములు పెంచిరి, కవులను పోషించిరి. అందులో అబద్ధము లేదు. ఆ సౌందర్యము నిజమైనదే. కాన్వీ సౌందర్యమును నిజమైనదే. కాని మన నాయకులు కోటకు చోటెన్నినపుడు అచ్చట లాన్‌వైస్‌వంటి యూరు లేదాయని మనమెన్నడైన విచారించితిమా? పాలెములుగ పంచిన నేలను అంతకుముందు ఎవరు దున్నుకొనుచుండిరి? ఆంగ్లేయుల కోటవద్ద అంత చురుకుగ మేల్కొను మన ధర్మబుద్ధి మన కోటవద్ద కునుకుట న్యాయమా?

మనవారందరును కత్తిపట్టి వచ్చినవారు కారు. మగ్గము మోసికొని వచ్చినవారు కలరు, కరువునకు తాళలేక బిడ్డలను చంకనిడికొని వచ్చినవారు కలరు, ఉద్యోగముకొరకు వచ్చిన మావంటివారు కలరు. చిత్రమేమనగా, ఎవరిని పలుకరించినను తమ వంశము సేనానుల వెంట వచ్చినదనియే చెప్పుదురు. కరువున వచ్చితిమని చెప్పువారు తక్కువ. గోడ లోపలివారి సంతతి యని చెప్పుకొనుటలో గల సుఖము అట్టిది!

యాత్ర చివర కైర్నార్వన్ చూచితిమి. 1283లో ఆరంభించిన కోట. పలకల బురుజులు, లేతరంగు రాతి నడుమ ముదురురంగు రాతి చారలు. దాని శిఖరమునుండి చూచిన గోడల లోపలి పాతపట్టణము అరచేతిలో రేఖలవలె కనబడును. వేల్సువారిని వెలుపలనుంచుటకు కట్టిన ఆ గోడల లోపల నేడు వీధిలో వినబడునది వేల్సు భాషయే. 2021 జనాభా లెక్కలలో వేల్సు సీమ మొత్తముమీద ఆ భాష వచ్చినవారు నూటికి 17.8 మంది, రమారమి 5,38,000 మాత్రమే. కైర్నార్వనులో మాత్రము అధికసంఖ్యాకులు వారే. నాడు రాజు తెచ్చి నిలిపిన వలసకుటుంబములలో కొన్ని స్థానికులతో వియ్యమంది కాలక్రమమున వారి భాషనే ఇంటిభాషగ చేసికొన్నవట.

గోడ లోపలి సందులో రొట్టెల దుకాణమొకటి కలదు. మేమును అల్లుడును మాటలాడుకొనుట విని దుకాణపు స్త్రీ అది ఏ భాషయని అడిగెను. తెలుగనియు, మేమున్నచోట జనుల భాష కన్నడమనియు, మా వంశమువారు అచ్చట చేరి నాలుగు తరములైనదనియు చెప్పితిమి. ఆమె తక్కువవాడుక గల భాషవారు సాధారణముగ అడుగు ప్రశ్న, మీ పిల్లలకు మీ భాష వచ్చునా యని అడుగునని మేము సమాధానము సిద్ధపరచుకొనుచుండగా, “మీ పిల్లలకు ఆ యూరి భాష వచ్చునా?” యని ఆమె ప్రశ్నించెను. వచ్చునని, వీధిలో ఆడునది పాడునది కన్నడముననే యని చెప్పితిమి. ఆమె తల యూపి, చిల్లర లెక్కపెట్టి మా చేతిలో నుంచి, మా వెనుక నిలుచున్న ముసలివానిని తన భాషలో పలుకరించెను.