చేప పేరు మరచుట దోషమా?

పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి యిండ్లలో మాటలు ఏ క్రమమున జారిపోవుచున్నవో గమనించినచో ఒక వింత కానవచ్చును. బంధువుల వరుసలు నిలుచును. దేవుని పాటలును, పెండ్లిపాటలును కొంతకాలము నిలుచును. మొట్టమొదట పోవునవి అంగడిలో పలుకు పేరులు. అంగడి ఇరుగుపొరుగు వారిది గదా! బొంబాయిలో పెరిగిన తెలుగు బాలుడు కనగుర్త చేపను చూపి 'బాంగడా' యనును. మంగళూరున పెరిగినవాడు 'బంగుడె' యనును. ఇంటనున్న అవ్వకు తెలిసిన పేరు మాత్రము ఆ బాలుని నోట లేదు. ఇది దోషమా, లేక కాలధర్మమా?

దోషము కాదనువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. పేరు మారినంతమాత్రమున చేప మారదు. పొరుగువానితో వాని భాషలో మాటలాడుట మర్యాద. పైగా చేపల పేరులకు పొలిమేరలు లేవు. వంజరము మనకును తమిళులకును ఉమ్మడి సొత్తు. మన నెత్తళ్ళును వారి నెత్తిలియు అక్కచెల్లెండ్రు. అట్టిచో ఒక మాట పోయి మరియొక మాట వచ్చినచో నష్టమేమి?

ఈ ప్రశ్నకు సమాధానము గోదావరీ తీరమున దొరకును. శాస్త్రజ్ఞులు 'తెన్యులోసా ఇలీషా' యను చేపను వంగదేశీయులు ఇలిష్ అనియు, ఓఢ్రులు ఇలిషి అనియు, తమిళులు ఉల్లమనియు పిలుతురు. గోదావరి వారికి మాత్రము ఒక్క పేరు చాలలేదు. సముద్రమున నున్నంతవరకు అది విలస. వానకాలమున ఎఱ్ఱనీటి వరదకు ఎదురీది, గ్రుడ్లు పెట్టుటకై నదిలోనికి వచ్చినపుడు అది పులస. శాస్త్రమునకు రెండును ఒక్కటే, వంటయింటికి కావు. యానాములో గాని, ఆ చుట్టుప్రక్కల పల్లెలలో గాని పులస వండు ఇల్లాలిని అడిగి చూడుడు. మట్టికుండ కావలెననును, సన్నని సెగ కావలెననును, చింతపండు పులుసులో బెండకాయలు పడవలెననును. అన్నిటికంటె ముఖ్యముగా, నేడు వండినది రేపు తినవలెననును. ఒక ఋతువు, ఒక నది, ఒక కుండ, ఒక రాత్రి ఓరిమి, ఇన్నియు ఆ మూడక్షరములలో ఇమిడియున్నవి. ఆ పేరు పోయినచో పోవునది శబ్దమొక్కటియే కాదు. విలసకును పులసకును భేదమెరిగిన వివేకము కూడ పోవును.

కనగుర్త విషయమును ఇట్టిదే. బాంగడా యనగానే కొబ్బరియు కోకమును స్మరణకు వచ్చును. కనగుర్త యనగానే చింతపండు పులుసు స్మరణకు వచ్చును. రెండును రుచులే, రెండును జ్ఞానములే. ఒకటి నేర్చుకొనుటకు రెండవదానిని పారవేయవలసిన పని లేదు.

అయితే పేరును నిలుపుకొన్నంతనే ధర్మము నిలిచినట్లా? కాదు. పులసకు వేల రూపాయల ధర పలుకుచుండుటచే సముద్రపు విలసనే పులసయని అమ్మువారు ఏర్పడినారు. 'పుస్తెలమ్మి యైనను పులస తినవలె'నను సామెత రుచిని పొగడుటకు పుట్టినది. నేడది పెక్కుచోట్ల సంపద చూపుకొనుటకు సాధనమైనది. పేరు మరచిన బాలుడు అమాయకుడు. పేరును పట్టుకొని అర్థమును విడిచినవాడు అట్టివాడు కాడు. కావున మనము కాపాడవలసినది శబ్దమును కాదు, ఆ శబ్దము ఎరిగిన సత్యమును.

ఇంతకు ఈ పేరులు ఎవరిచ్చినవి? పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపలను వర్ణించి, చిత్రములతో 1803లో గ్రంథము ప్రకటించెను. అందు పెక్కింటికి స్థానికులు పలికిన పేరులనే వ్రాసెను. దానిని ఆధారముగా గొని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే 1816లో కనగుర్తకు ఆ పేరునే స్థిరపరచెను. నేటికిని ప్రపంచమంతటను ఆ చేప శాస్త్రనామము 'రాస్ట్రెల్లిగర్ కనగుర్త'యే. మన బొంబాయి బాలుడు మరచిన తెలుగుమాటను దేశదేశముల పండితులు పలుకుచున్నారు! రస్సెల్ పేరు గ్రంథముపై నిలిచినది. క్యువియే పేరు శాస్త్రనామము ప్రక్కన నిలిచినది. ఆ మాటను పుట్టించినవారు మాత్రము వల లాగి పొట్ట పోసుకొన్న జాలరులు, వాడబలిజలు.

మన సంఘములు కవులను తలచుచున్నవి, తగినదే. కాని భాషను నిలిపినవారు కవులొక్కరే కారు. పూరీ సముద్రతీరమున పెంటకటలో కాపురముండి, పొరుగువారిచే 'నోళియా'లని పిలువబడు బెస్తవారు నేటికిని ఇంట తెలుగే మాటలాడుచున్నారు. ఉగాది సభలలో వారికి పీట వేయుచున్నామా? వారి మాటను 'మోటు' అని నవ్వి, మన పిల్లలు తెలుగు మరచిరని విలపించుట న్యాయమా?

చేప ముట్టని యిండ్లవారు ఇది తమ ప్రశ్న కాదందురేమో. గోంగూరకును చింతచిగురునకును ఇదే న్యాయము వర్తించును.

నాకు తోచినది విన్నవింతును. మరచుట దోషము కాదు. అది మానవ స్వభావము. తెలిసినవారు బ్రదికియుండగా అడుగకపోవుట దోషము. అడిగిన పిల్లవానిని ఎగతాళి చేయుట అంతకు మించిన దోషము. అంగడిలో బాంగడాయని అడిగి తెచ్చుకొనుడు. అందు సిగ్గుపడవలసినది లేదు. ఇంటికి వచ్చిన పిమ్మట అవ్వను పిలిచి దీనినేమందురో అడుగుడు. ఆమె పేరొక్కటియే చెప్పి ఊరకుండదు. చింతపండు ఎంత నానవేయవలెనో, పొయ్యి ఎప్పుడు తగ్గింపవలెనో కూడ చెప్పును. ఆ పూట పిల్లలను వంటయింట కూర్చుండనిండు.