దారిలేని హక్కు

భూమి ప్రజలది, దానిని చేరే దారి మరొకనిది. అప్పుడా భూమి నిజంగా ఎవరిది?

రాజాం ప్రాంతం ఒకనాడు బొబ్బిలి జమీందారీలోనిది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీ బంజర్లను, పోరంబోకులను ప్రభుత్వపరం చేసింది. కాని పట్టా పొలాల నడుమ చిక్కిన బంజరుకు యజమాని మారినంత మాత్రాన దారి పుట్టదు. పశువులు నడిచే గోర్జిని తన మడిలో కలుపుకొన్నవాడు లోపలి బంజరును దున్నకుండానే ఏలుతాడు. కూలివాని మేకకు అక్కడి గడ్డి ఉండీ లేనట్లే.

ఆస్తిహక్కు పవిత్రమని వాదించేవారున్నారు. కాని 1882 ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, భూమి పంచుకొన్నప్పుడు ఒకని వాటాకు వేరే దారి లేకపోతే పక్కవాటాలోనుంచి నడిచే హక్కు అతనికుంటుంది. ఒక్క ఆసామి అవసరానికి వంగిన ఆస్తిహక్కు ఊరి అవసరానికెందుకు వంగరాదు? సొంత చెక్క కోల్పోయే చిన్నరైతుకు పరిహారమివ్వటం న్యాయం. ఆక్రమించిన గోర్జిని విడిపించటమూ న్యాయమే. బంజరు విస్తీర్ణం రాసిన రికార్డులోనే దానికి దారి ఎటో రాయించటం మన మొదటి పని.