వివాహము వ్రతమా, బేరమా?

వివాహము ఎందులకు ఏర్పడినది? వంశము నిలుచుటకని కొందరు, ఆస్తి చెదరకుండుటకని కొందరు, రెండు కుటుంబముల పొత్తునకని మరికొందరు చెప్పిరి. వర్తకుల వీధులలో ఈ మూడవ మాటకే బలమెక్కువ. బెంగుళూరులోని నగర్తపేట నగర్త వర్తకుల పేరనే వెలసినది. ఇట్టి పేటలలో క్రింద అంగడి, మీద కాపురము. బ్యాంకులు లేని దినములలో వియ్యంకుని మాటయే పూచీ. సంబంధము కలిసిన ఊరిలో సరకు అరువుకు పుట్టెడిది.

ఆ పొత్తువలన మేలు లేకపోలేదు. కాని పెద్దల లెక్కలో పెండ్లికూతురి వయస్సు, మనస్సు తరచు మరుగున పడెను. 1894లో మైసూరు సంస్థానము ఒక శాసనము చేసి, 8 ఏండ్లు నిండని బాలికల పెండ్లిని, 50 ఏండ్లు దాటిన పురుషుడు 14 ఏండ్లలోపు బాలికను పెండ్లాడుటను నిషేధించినది. ఇంతమాత్రపు న్యాయమునకు ప్రభుత్వము పూనుకొనవలసి వచ్చినదనిన, ఆనాటి స్థితిని ఊహించుకొనవచ్చును.

జైనధర్మము ఈ ప్రశ్నకు వేరొక త్రోవ చూపినది. జినసేనాచార్యుని ఆదిపురాణమున, తండ్రియైన నాభిరాజు కోరగా వృషభదేవుడు యశస్వతీ సునందలను పెండ్లాడెను. ఆయన తన కుమార్తెలు బ్రాహ్మీ సుందరులకు అక్షరములను, అంకెలను నేర్పెను. వారు పెండ్లి మాట తలపెట్టక దీక్ష గైకొనిరి. దీనినిబట్టి వివాహము గృహస్థునకు మార్గమేగాని అందరికిని విధి కాదనియు, ఆడపిల్లకు విద్య పెండ్లికన్న ముందుదనియు తెలియుచున్నది.

శ్రావకుని అయిదు అణువ్రతములలో నాల్గవది స్వదారసంతోషము. అయిదవది పరిగ్రహమునకు హద్దు నిర్ణయించుకొనుట. కోరికకు హద్దు నాల్గవ వ్రతము, ధనాశకు హద్దు అయిదవది. కట్నమునకు బేరమాడి పెండ్లిపీటల మీద కూర్చున్నవాడు నాల్గవదానిని చేపట్టుచునే అయిదవదానిని విడిచిపెట్టుచున్నాడు. 1961లో కట్ననిషేధ చట్టము వచ్చినను, లాంఛనములనియు, కానుకలనియు పేరు మార్చుకొని ఆ బేరము సాగుచునే యున్నది.

“కట్నము కూతురి భాగమే గదా?” అని కొందరందురు. ఈ మాట కొట్టివేయదగినది కాదు. పూర్వము కూతురికి వేరు దారి లేకుండెను. కాని జైనులకును వర్తించు 1956 నాటి హిందూ వారసత్వ చట్టమును 2005లో సవరించి, ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు కల్పించిరి. భాగమే ఈయదలచిన తండ్రి దానిని కూతురి పేర వ్రాయవలెను. వియ్యంకుని చేతిలో పెట్టినది భాగమెట్లగును?

అంగడిలో గవ్వంత తూకము తప్పినను సిగ్గుపడు వర్తకులు మనలో కలరు. ఆ సిగ్గు పెండ్లిచూపులనాడు ఏమగుచున్నది? మగపిల్లవాని తండ్రి తాంబూలములు పుచ్చుకొనుటకు పూర్వమే “మాకేమియు వలదు” అని నలుగురి యెదుట పలికినచో, ఆ ఇంట కోడలు అడుగిడునాటికే వ్రతము మొదలైనట్లు. ఆ మాట ముందుగా పలుకువారెవరో ప్రతి ఇంటివారును ఆలోచించుకొందురు గాక.