మెదకు యాత్ర, పొరుగింటి గుమ్మము



గత క్రిస్మసు దినమున మనము మెదకు మహాదేవాలయమునకు యాత్ర వెళ్లి వచ్చితిమి. కరువుకాలమున ఆకలిగొన్న బీదలకు చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు పని కల్పించి, అన్నము పెట్టి, కట్టించిన ఆలయమది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను.

అచ్చటి రంగుటద్దముల కిటికీలు పగటివేళ బయటనుండి చూచువారికి మసకగానే యుండును. లోపలికి వచ్చి నిలిచినప్పుడే సిలువ వేయబడిన ప్రభువు వెలుగులో కనబడును. ఆ వెలుగులో మన హృదయము కూడ మనకు కనబడెను. మ్రొక్కుబడి చేత పట్టుకొని నిలిచినప్పుడు, ఇంటియొద్ద సహోదరునితో మాటలు మానిన సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. కానుకను బలిపీఠమునొద్ద విడిచి, మొదట సమాధానపడవలెనని ప్రభువు కొండమీద బోధింపలేదా? అయినను మనము కానుక వేసి, బస్సెక్కి వచ్చితిమి. ఊరు చేరిన మరునాడే చేనిగట్టు తగవు మరల లేచెను.

కాబట్టి మన యాత్ర ఇంకను ముగియలేదు. మెదకు వరకు పోవుట సులభమే. పొరుగింటి గుమ్మము వరకు పోవుటయే కష్టము. మనకై పరలోకమునుండి దిగివచ్చినవాడు అంతకంటె ఎంతో దూరము నడచెను గదా! వచ్చు ఆదివారము ప్రభువు బల్లయొద్దకు చేరకమునుపే, ఆ నాలుగడుగులు నడచుదము. అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.