పాటలో వాటా ఎవరిది?

పాటల యాప్‌కు నెల చందా కట్టి, దాన్ని ఇంకో నలుగురైదుగురితో పంచుకోవడం తప్పా, కాదా? మన హాస్టళ్లలో, కాలేజీల్లో చదివే పిల్లలకు ఈ ప్రశ్న కొత్త కాదు. పెద్దలకు మాత్రం ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. నెలకు వందా రెండు వందల రూపాయల వ్యవహారమే కదా అంటారు. కానీ ఇందులో మూడు పెద్ద ప్రశ్నలున్నాయి. కుటుంబం అంటే ఎవరు? చెప్పిన మాటకు విలువ ఎంత? పాడినవారి వాటా ఏమైంది? ఈ మూడూ మన గూడేలకు పాత ప్రశ్నలే. అందుకే నిదానంగా మాట్లాడుకోవాలి.

ముందు సంగతి ఏమిటో చూద్దాం. స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. యూట్యూబ్ మ్యూజిక్ కూడా ఆ ఏడాదే వచ్చింది. ఇలాంటి యాప్‌లు చాలావాటిలో ఒక్కరికైతే ఒక ధర, కుటుంబానికైతే ఇంకో ధర. కుటుంబ ప్లాన్‌లో సాధారణంగా ఆరుగురి దాకా చేరవచ్చు. ఆరుగురూ విడివిడిగా కట్టేదానికంటే చాలా తక్కువ పడుతుంది. దానికి ఒక షరతు ఉంది. అందరూ ఒకే కుటుంబంవాళ్లై, ఒకే చిరునామాలో ఉండాలి. ఆ షరతు ఒప్పుకునే చేరాలి. కంపెనీ ఈ షరతు ఎందుకు పెట్టిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. అది లేకపోతే ఎవరో ఆరుగురు కలిసి, మేమంతా ఒక కుటుంబం అంటారు. అప్పుడు ఒక్కరికి పెట్టిన ధరను ఎవరూ కట్టరు.

ఇప్పుడు మన వైపు నుంచి చూద్దాం. ఒక గోండు కుటుంబాన్ని ఊహించుకోండి. అమ్మానాన్నలు జైనూరు దగ్గర గూడెంలో ఉంటారు. పెద్దకొడుకు ఉట్నూరులో డిగ్రీ చదువుతున్నాడు. కూతురు హైదరాబాద్‌లో నర్సింగ్ చేస్తోంది. చిన్నవాడు ఆశ్రమ పాఠశాలలో ఉన్నాడు. చిరునామాలు నాలుగు, కుటుంబం ఒకటే. ఆ పిల్లలు సరదాకు వేరే చిరునామాకు పోలేదు. ఊళ్లో పై చదువు లేక పోయారు. మరి హాస్టల్ గదిలో పక్కపక్కన పడుకునే ఆరుగురి సంగతి? వాళ్లకు చిరునామా ఒకటే, కుటుంబాలు ఆరు. అంటే షరతులో సగం ఒకరికి సరిపోతుంది, మిగతా సగం ఇంకొకరికి సరిపోతుంది. పట్నంలో ఒకే ఫ్లాట్‌లో ఉండే అమ్మానాన్నా ఇద్దరు పిల్లలను మనసులో పెట్టుకుని రాసిన షరతు ఇది. రాసినవారికి మన ఇల్లు తెలియదు.

మన ఇల్లు ఎలాంటిదో తెలియాలంటే పుష్య అమావాస్యకు కేస్లాపూర్ పోయి చూడాలి. నాగోబా జాతరకు మెస్రం వంశంవారు తెలంగాణ నుంచి, మహారాష్ట్ర నుంచి వస్తారు. గోవాడ్‌లో వంతుల ప్రకారం వండుకుంటారు. కొత్త కోడళ్లకు భేటింగ్ జరిపి దేవుడికి పరిచయం చేస్తారు. అక్కడ నీ చిరునామా ఏమిటని ఎవరూ అడగరు. నీ వంశం ఏది, నీ సగ ఏది అని అడుగుతారు.

అయితే ఇక్కడే మన పిల్లలు కొందరు ఒక మాట అంటారు. “పంచుకోవడం మన సంస్కృతి. కంపెనీ నియమం మనకెందుకు? ఎవరినైనా తమ్ముడు, చెల్లె అని చేర్చుకోవచ్చు.” ఈ మాటలో బలం ఉంది. కానీ దీన్ని అలాగే ఒప్పుకోలేను.

పంచుకోవడం మన సంస్కృతే. అయితే మన దగ్గర పంపకానికి ఎప్పుడూ లెక్క ఉంది. పాట విషయమే తీసుకోండి. గోండులకు వంశకథలు పాడేది పర్ధాన్లు. కిక్రి వాయిస్తూ పెర్సాపేన్ కథ చెప్తారు. ఒక్కో పర్ధాన్ కుటుంబానికి తరతరాలుగా దాతలైన గోండు ఇళ్లు ఉంటాయి. ధాన్యమో, బట్టలో, పశువో, డబ్బో ఆ ఇంటివారు ఇస్తారు. ఆ పాటను మాత్రం ఊరంతా కూర్చుని వింటుంది. పక్క ఊరి నుంచి వచ్చిన చుట్టం కూడా వింటాడు. ఉచితంగా విన్నావు, దొంగవి అని ఎవరూ అనరు. ఎందుకంటే పాడినాయన వాటా ఆయనకు ముట్టింది. దాతనని అబద్ధం చెప్పి ఎవరూ ముందు వరుసలో కూర్చోలేదు. వినడానికి అందరికీ హక్కుంది, పాడినవారికి వాటా ఉంది, మాటలో అబద్ధం లేదు. మన సంస్కృతిలో పంపకం అంటే ఈ మూడూ కలిసి ఉండడం. మొదటిది ఒక్కటే తీసుకుని మిగతా రెండూ వదిలేస్తే అది సగం సంస్కృతే అవుతుంది.

ఈ లెక్కతో ముగ్గురిని చూద్దాం.

హాస్టల్‌లో ఉన్న కొడుకు గూడెం ఇంటి చిరునామా ఇచ్చి, నాన్న ప్లాన్‌లో చేరాడు. రేషన్ కార్డులో అతని పేరు ఆ ఇంట్లోనే ఉంది. సెలవులకు పోయేది ఆ ఇంటికే. నీ ఇల్లెక్కడ అని ఎవరు అడిగినా గూడెం పేరే చెప్తాడు. కంపెనీకి చెప్పింది కూడా అదే. ఇందులో అబద్ధం లేదు.

పెళ్లయి వేరే ఊరిలో కాపురం చేసుకుంటున్న అక్క ఉంది. రక్తసంబంధం ఉంది, ప్రేమ ఉంది. కానీ ఆమెకు వేరే ఇల్లుంది, వేరే పొయ్యి ఉంది. ఇక్కడే ఉంటున్నాను అంటే అది నిజం కాదు. ఆమెకు చందా కట్టాలనిపిస్తే తమ్ముడు వేరేగా కట్టవచ్చు. పుట్టింటి కానుక అనుకుంటే అది ఇంకా గౌరవం.

మూడోవాడు ప్లాన్ తీసుకుని, ఐదుగురు స్నేహితులను అన్నదమ్ములని చేర్చి, నెలనెలా తలా నలభై రూపాయలు వసూలు చేస్తాడు. తాను కట్టింది పోగా కొంత మిగుల్చుకుంటాడు. ఇది పంపకం కాదు, వ్యాపారం. దానికి అన్నదమ్ములనే మాట కప్పడమే నాకు ఎక్కువ బాధ. మన దగ్గర ఒకరిని అన్న అని పిలిస్తే ఆ ఇంటి పిల్లను పెళ్లి చేసుకోం, ఆ ఇంటి చావుకు మైల పాటిస్తాం. అంత బరువున్న మాటను నలభై రూపాయలకు వాడకూడదు.

ఏది ఎటు వస్తుందో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. కంపెనీ మనిషి వచ్చి మన మంచం మీద కూర్చున్నాడనుకోండి. తెర మీద ఒప్పుకున్న మాటనే అతని ముఖం చూసి చెప్పగలమా? చెప్పగలిగితే తప్పు లేదు. కళ్లు దించుకోవలసి వస్తే ఉంది.

“వేల కోట్ల కంపెనీకి మన నలభై రూపాయలు ఒక లెక్కా?” అని అడుగుతారు. కంపెనీకి పెద్ద నష్టం లేదన్నది నిజమే. కానీ మనం అబద్ధం చెప్పామా లేదా అన్నది ఎదుటివాడి సంపదను బట్టి మారదు. ఆకలితో ఉన్న పిల్లల కోసం బియ్యం దగ్గర అబద్ధం చెప్పిన తల్లిని నేను తప్పుపట్టను. పాట వేరు. ప్రకటనలు భరిస్తే అదే యాప్‌లో పైసా ఖర్చు లేకుండా వినవచ్చు. ఇక్కడ అబద్ధానికి ఆకలి సాక్ష్యం రాదు. నియమం మనకు అన్యాయంగా ఉంటే, అన్యాయమని పైకి చెప్పాలి. హాస్టల్ పిల్లలున్న కుటుంబాలకు వేరే వీలు పెట్టమని అడగాలి. జల్, జంగల్, జమీన్ అని పైకి అడిగిన కొమురం భీం వారసులం మనం. చాటున గీత దాటడం మన పద్ధతి కాదు.

ఇక పాడినవారి వాటా. స్పాటిఫై తానే చెప్పుకునే లెక్క ప్రకారం, పాటల మీద వచ్చిన ఆదాయంలో సుమారు మూడింట రెండు వంతులు హక్కుదారులకు పోతుంది. అయితే నువ్వు కట్టిన డబ్బు నువ్వు విన్న గాయకుడికే పోదు. అంతా ఒక కుప్పలో పడుతుంది. మొత్తం వినికిడిలో ఎవరి పాట ఎంత భాగమో చూసి పంచుతారు. 2024 నుంచి ఇంకో నియమం వచ్చింది. గడిచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినని పాటకు ఆ కుప్పలో వాటా లేదు. గోండీలో, కోయలో, కొలామీలో ఒక ముసలాయన పాడిన పాటను ఏడాదికి ఆరు వందలసార్లు విన్నారనుకోండి. ఆయనకు వచ్చేది సున్నా. మనం నిజాయితీగా చందా కట్టినా అంతే, దొంగచాటుగా విన్నా అంతే.

అంటే కంపెనీకి మాట నిలబెట్టుకున్నంత మాత్రాన మన బాధ్యత తీరలేదు. మన పాటగాడికి వాటా మనమే పెట్టాలి. పెడుతున్నామా?

దండారి రోజుల్లో చూడండి. గుస్సాడీలు ఆడుతుంటే చుట్టూ ఫోన్లే. సాయంత్రానికి ఆ పాట ఎవరిదో ఒకరి ఛానల్‌లో ఉంటుంది. ఛానల్ పేరు పెద్దగా ఉంటుంది. పాడినవారి పేరు ఉండదు, ఊరి పేరు కూడా ఉండదు. గుస్సాడి కనకరాజు గారికి 2021లో, కోయ డోలి కళాకారులు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటిస్తే మనమంతా పొంగిపోయాం. వాళ్లలాంటి మిగతావారి పేరు వీడియో కింద ఒక్క వరుస రాయడానికి మనకు తీరిక లేదు. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు హక్కులిచ్చింది. గాయకులు, వాద్యకారులు, నర్తకుల నుంచి పాములాడించేవారి దాకా అందులో ఉన్నారు. వారి అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు. 2012 సవరణ, ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలంది. ఆ చట్టం రాకముందే మన పెద్దలు పర్ధాన్‌కు ధాన్యం కొలిచారు. ఫోన్ చేతికొచ్చాక మనం కొలవడం మానేశాం.

ఉపాధ్యాయ మిత్రులు ఈ ప్రశ్నను తరగతిలో పెట్టాలని నా కోరిక. జవాబు చెప్పవద్దు. పై ముగ్గురి సంగతీ చెప్పి పిల్లలనే తీర్పు ఇవ్వనివ్వండి. తర్వాత ఒక పని అప్పగించండి. తమ ఊళ్లో పాడే పెద్దవారి దగ్గరికి పోయి, అడిగి, ఒప్పుకుంటేనే పాట రికార్డు చేయాలి. పేరు, ఊరు, పాట ఏ సందర్భానిదో రాయాలి. దాని మీద ఎప్పుడైనా డబ్బు వస్తే ఆయన వాటా ఎంతో ముందే మాట్లాడుకోవాలి. చందా ఎంతమందితో పంచుకోవచ్చన్న ప్రశ్నకు జవాబు ఆ పని చేసిన పిల్లలకు ఎవరూ చెప్పనవసరం లేదు.