అధికారమునకు ప్రామాణ్య మెక్కడిది?

రష్యా చక్రవర్తి రెండవ నికోలాసు, క్రొత్త పంచాంగము లెక్కన, 1917 మార్చి 15వ తేదీని సింహాసనమును విడిచెను. మఱి రెండు దినములకే కీవ్ నగరమున ఉక్రేనియను మితవాదులును, సామ్యవాదులును, సహకారోద్యమకారులును ఒక క్లబ్బులో సమావేశమై, సెంట్రల్ రాడా యను కేంద్రసభను నెలకొల్పిరి. అధ్యక్షుడుగా వారెన్నుకొనిన చరిత్రకారుడు మిహైలో హ్రుషెవ్స్కీ, 1914లో నిర్బంధింపబడి ప్రవాసమునకు పంపబడినవాడగుటచే, అప్పటి కింకను కీవ్ చేరలేదు. ఓటరు లేడు, శాసనము లేదు, అధ్యక్షుడు సైతము ఊర లేడు. ఒక జాతి పేర మాటలాడుటకు ఆ సభకు అధికార మెక్కడిది?

మన దర్శనకారులు జ్ఞానమునుగూర్చి యడిగిన ప్రశ్నయు నిట్టిదే. జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమనియు, దానిని త్రోసిపుచ్చు బాధకము తోచువఱకు నమ్మవలసినదే యనియు మీమాంసకుల మతము. ప్రవృత్తి సఫలమైనప్పుడుగాని అది ప్రమాణమని నిశ్చయింపరాదని నైయాయికుల పరతఃప్రామాణ్య పక్షము. స్వపరిపాలన కోరి వచ్చిన రాడా ప్రతినిధులకు రాజధానియైన పెట్రోగ్రాడులో చక్రవర్తి పిమ్మట నెలకొనిన తాత్కాలిక ప్రభుత్వము, సర్వజనులు ఎన్నుకొనని సభ సర్వజనేచ్ఛను ప్రకటింపజాలదని బదులు చెప్పెను. ఆ మంత్రివర్గమును మాత్రము డూమా యను పాత శాసనసభ సభ్యుల సంఘ మొకటి, కార్మిక సైనిక ప్రతినిధుల సోవియట్టు సమ్మతితో, నిలిపినదే గదా! పరతఃప్రామాణ్యమును ఎదుటివానినుండి కోరువాడు ముందుగా తనది చూపవలెను.

ఏప్రిలు 19 మొదలు 21 వఱకు కీవ్‌లో జరిగిన జాతీయ మహాసభకు గ్రామములనుండియు, సేనలనుండియు, సహకారసంఘములనుండియు రమారమి 900 మంది వచ్చి రాడాను క్రొత్తగా నెన్నుకొనిరి. ఇదియు సార్వజనిక నిర్వాచనము కాదు. కాని 1876 నాటి రాజాజ్ఞ తమ భాషలో గ్రంథముద్రణమునే దాదాపుగా నిషేధింపగా పెరిగిన తరమువారు తమ భాషలోనే సభ దీర్చి, తమ ప్రతినిధులను తామే యెంచుకొనిరి. జూన్ 23న రాడా, పూర్వపు కసాకు హెత్మనుల ప్రకటనల పేరు పెట్టి, తన మొదటి ‘యూనివర్సల్’ను వెలువరింపగా, రాడా నాయకులలో నొకడైన వొలొదిమిర్ విన్నిచెంకో సైనికుల మహాసభలో దానిని చదివెను. జులై మాసమునుండి జాతీయకార్యమునకై ప్రత్యేకపు పన్ను చెల్లింపుడని అందొక మాట కలదు. అడిగిన సభకు తహశీలుదారు లేడు, జప్తుచేయు బంట్రోతు లేడు, చెఱసాల లేదు. అది ఆజ్ఞారూపమున నున్న యాచన. వినువారి శ్రద్ధయే దానికి గల బలము.

ఆ శ్రద్ధ యెవరిది? కీవ్ వంటి పట్టణములలో రష్యనులును, యూదులును, పోలులును విశేషముగా నుండిరి. ఏప్రిలు మహాసభ వారిది కాదు. నిజమైన బాధకము పెట్రోగ్రాడు వాదమునందు గాక వీరి సందేహమునందే యుండెను. జులైలో తాత్కాలిక ప్రభుత్వముతో కుదిరిన యొడంబడిక ననుసరించి, రాడా, ఈ అల్పసంఖ్యాక జాతుల ప్రతినిధులకు తనలో స్థానము లిచ్చెను. బాధకము తోచనంతవఱకు నమ్ముమని మీమాంసకుడనెను. రాడాయో బాధకమునే సభలోనికి బిలిచి పంక్తిలో కూర్చుండబెట్టెను. ఆ సభ పొందిన ప్రామాణ్యమున కింతకంటె ఉన్నతమైన నిదర్శనము నాకు గనబడదు.

నైయాయికుడు కోరు ఫలము నవంబరులో వచ్చెను: రష్యా రాజ్యాంగసభకు జరిగిన ఎన్నికలలో ఉక్రెయిన్ మండలములందు అధికభాగము వోట్లు ఉక్రేనియను పక్షములకే పడెను. ఋజువు కోరిన పెట్రోగ్రాడు మంత్రివర్గము అప్పటికే కూలిపోయి యుండెను.